గుర్రం పెట్టె ఇప్పిన చోటు

నాకు బండి నడపడం నేర్పినవాడు ఎస్టేటు లారీ డ్రైవరు. గుర్రాన్ని వెనక తగిలించుకుని బండి నడపడం నేర్పినవాడు మాత్రం మా దొర. ఆ రెండో చదువు చాలా శ్రద్ధగా చెప్పాడు. ఆ శ్రద్ధ తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు చేదెక్కుతుంది.

మలాయాలో, బంటింగ్ దాటాక సముద్రం వైపున్న రబ్బరు ఎస్టేటు మాది. మా అమ్మ పరికిణీ కట్టే వయసులో విశాఖపట్నంలో ఓడెక్కింది. చంకలో ఆమె తమ్ముడు. నేను ఇక్కడే, ఎస్టేటు లైనులో పుట్టాను. జపాన్ వాళ్ళ కాలంలో అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. అప్పట్నుంచి నన్ను సాకింది ఆ తమ్ముడే, మా మావ. తరవాత ఆయన కూతుర్నే నాకిచ్చి చేశాడు.

మావ దొర బంగళాలో సైసు. గుర్రాన్ని కడగడం, మేపడం, దాని డెక్కలు చూసుకోవడం ఆయన పని. దొరకి ఎర్రటి ఆడగుర్రం ఒకటుండేది. అడవిలో కమ్యూనిస్టుల తిరుగుబాటు లేచి ఎమర్జెన్సీ పెట్టగానే ఆయన భార్య వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. అందుకని దొర ప్రేమంతా ఆ గుర్రం మీదే పెట్టుకున్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. ఒంటరి మనిషి.

కౌలాలంపూర్‌లో దొరల గుర్రపు ఆటలు జరిగేవి. ఆటలప్పుడల్లా దాన్ని అక్కడికి తీసుకెళ్ళడం కోసం క్లాంగ్‌లో ఒక చీనా వర్క్‌షాపులో ట్రైలర్ చేయించాడు. పాత లారీ ఇరుసు, చెక్క గోడలు, ముందు గుర్రం తల కనిపించేంత కంత, పైన రేకు, వెనక తలుపు కిందికి దించితే గుర్రం ఎక్కడానికి వాలుబల్ల. దాన్ని మేం గుర్రం పెట్టె అనేవాళ్ళం. దాన్ని లాగాల్సింది ఎస్టేటులో కూరగాయలకీ మందులకీ తిరిగే చిన్న పికప్. ఆ పికప్‌కి డ్రైవర్ని నేను.

నేర్పడం మొదలుపెట్టిన రోజు దొర గుర్రాన్ని ఎక్కించనివ్వలేదు. ఇసక బస్తాలు వేయించాడు. ముందు వాటిని పెట్టెలో వెనక్కి సర్దించి నడపమన్నాడు. ఎర్రమట్టి రోడ్డు మీద కాస్త వేగం అందుకోగానే పెట్టె తోక ఊపినట్టు అటూ ఇటూ కొట్టుకుంది, పికప్ వెనక చక్రాలు తేలిపోయినట్టయింది. అప్పుడు బస్తాలు ఇరుసుకి ముందుకి జరిపించాడు. అదే రోడ్డు, అదే వేగం, పెట్టె బుద్ధిగా వెనక వచ్చింది.

"నీ బండి తేలిక. వెనకది బరువు," అన్నాడు, సగం తమిళం సగం మలాయి కలిపిన తన ఎస్టేటు భాషలో. "నువ్వు ఆగితే అది ఆగదు. నిన్ను తోస్తుంది. మలుపులో బ్రేకు వెయ్యకు, మలుపు రాకముందే వెయ్యి. ఊగడం మొదలెడితే చక్రంతో కుస్తీ పట్టకు, బ్రేకు తొక్కకు. యాక్సిలేటర్ మీంచి కాలు తీసెయ్. దానంతట అదే సర్దుకుంటుంది."

కొక్కెం తగిలించాక చేత్తో పైకెత్తి లాగి చూడడం, ఊడినా పెట్టె ముక్కు నేలకి కొట్టుకోకుండా కింద గొలుసులు కత్తెరగా తగిలించడం, రోడ్డు ఎడమ పక్క కాలవలోకి వాలి ఉంటుంది కాబట్టి గుర్రాన్ని పెట్టెలో కుడి పక్కనే నిలబెట్టడం, తల కదిలేంత వదులూ తిరగలేనంత బిగువూ ఉండేలా తాడు కట్టడం, అన్నీ నేర్పాడు. చివరికి నన్నే పెట్టెలోకి ఎక్కమన్నాడు. ఏదీ పట్టుకోకుండా నిలబడమని, తాను పికప్ ఎక్కి ఎస్టేటంతా తిప్పాడు. రెండు మలుపుల దగ్గర పడ్డాను, మోచెయ్యి దోక్కుపోయింది.

దిగాక నవ్వుతూ అడిగాడు. "ఇప్పుడు తెలిసిందా గుర్రానికి ఎలా ఉంటుందో?"

తెలిసింది అన్నాను. నాకది అంతకుముందే తెలుసు. ప్రతి తెల్లారగట్లా మా ఆడవాళ్ళని దూరపు తోటలకి తీసుకెళ్ళే లారీలో, బకెట్లు పట్టుకుని, ఆనుకోడానికేం లేక, గొడ్లలాగా ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడి వెళ్ళేవారు. ఆ లారీ డ్రైవరుకి మలుపు ముందు బ్రేకు వెయ్యమని ఎవరూ చెప్పలేదు.

అవి ఎమర్జెన్సీ రోజులు. అడవిలో తుపాకులు పట్టినవాళ్ళకి తిండి అందకూడదని సర్కారు కట్టుదిట్టం చేసింది. మా లైనుల చుట్టూ ముళ్ళకంచె వేశారు. పొద్దున్నే గేటు దగ్గర మగాళ్ళని మగాళ్ళు, ఆడాళ్ళని ఆడాళ్ళు ఒళ్ళంతా తడిమి చూసేవారు. అన్నం ముద్ద బయటికి పోకూడదు. తెల్లారకముందు తాగిన గంజితో మధ్యాహ్నం దాకా రబ్బరు పాలు గియ్యాలి. నా ఇంటిది నిండు నెలల్లో కూడా అలాగే వెళ్ళింది. ఒకసారి దాని చీర చెంగులో చింతపండు దొరికితే మట్టిలో పారేసి తొక్కారు. వాంతులకని చప్పరించడానికి పెట్టుకుంది.

గుర్రం ఉలవలకి మాత్రం పర్మిట్ ఉండేది. బంగళా ఉండేది మా కంచెకి బయట, గుట్ట మీద. అక్కడ మావ రోజూ పెద్ద డేగిసాలో ఉలవలు ఉడకబెట్టేవాడు, తవుడు కలిపేవాడు. ఒక్క గింజ ఇంటికి తేవడానికి లేదు, ఆయన్నీ తడిమేవారు కాబట్టి. సాయంత్రం ఆయన ఇంటికొస్తే కూతురు ఆయన చెయ్యి పట్టుకుని వాసన చూసేది. "ఉలవచారు కాసినట్టుంది నాన్నా," అనేది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కునేవాడు కాదు. మొహం మాత్రం పక్కకి తిప్పుకునేవాడు.

రోడ్డు మీద దొరల కార్లకి ఒక రూలుండేది. ఎక్కడా ఆగకూడదు, నెమ్మదించకూడదు. మాటు వేసి కాల్చేవాళ్ళకి నెమ్మదిగా పోయే బండి సులువు. గుర్రం పెట్టె తగిలించినప్పుడు మాత్రం ఆ రూలు మాకు లేదు. మా ప్రాణాలకి వేగం కావాలి, గుర్రం కాళ్ళకి నిదానం కావాలి. నిదానమే అని దొర ఎప్పుడో ఖాయం చేసేశాడు. కాపలాకి ఒక స్పెషల్ కానిస్టేబుల్ని ఇచ్చేవాడు. నడివయసు మలాయి మనిషి, పికప్ వెనక తుపాకీ పట్టుకుని మావ పక్కనే కూర్చునేవాడు. కానిస్టేబుల్ దారి పొడుగునా ఏదో జపించుకునేవాడు. మావ గుర్రం కేసి చూసుకునేవాడు.

నా ఇంటిదానికి నొప్పులు మొదలైన మర్నాడే కౌలాలంపూర్‌లో ఆటలు. ఆటల రోజు పొద్దున్న ఎస్టేటులో మందులిచ్చే డ్రెస్సర్ చూసి పెదవి విరిచాడు. "కాళ్ళు ముందొస్తున్నాయి. నా చేతిలో లేదు. క్లాంగ్ పెద్దాసుపత్రికి తీసుకుపొండి." లారీ రబ్బరు షీట్లతో అప్పటికే రేవుకి వెళ్ళిపోయింది. మిగిలింది పికప్. అది బంగళా ముందు, పెట్టె తగిలించి, గుర్రాన్ని ఎక్కించి, సిద్ధంగా ఉంది.

మావా నేనూ పరిగెత్తాం. దొర మెట్ల మీదికొచ్చి విన్నాడు. కసురుకోలేదు.

"తీసుకెళ్ళు. ముందు సీట్లో కూర్చోబెట్టుకో," అన్నాడు.

"పెట్టె ఇప్పేసి ఎల్తాను దొరా. ఆసుపత్రిలో దింపి, మళ్ళీ వచ్చి గుర్రాన్ని తీసుకెల్తాను."

"అప్పటికి ఆటలైపోతాయి. ఆసుపత్రి దారిలోనే ఉంది కదా." నా భుజం తట్టాడు. "తొందరపడకు. పడిపోద్ది."

దొర భాషలో మనిషికీ గొడ్డుకీ ఒకటే మాట. పడిపోయేది ఎవరో ఆయన విడమరచలేదు.

బయల్దేరాం. రోడ్డుకి రెండు పక్కలా నల్లటి నీళ్ళ కాలవలు, అక్కడక్కడా చెక్క వంతెనలు. ఒక్కో వంతెన మీద బల్లలు టకటకమంటూ ఉంటే నడక కంటే నెమ్మదిగా దాటించాలి. నా పక్కన నా ఇంటిది తలుపు పిడి రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి ఉంది. ఏడవలేదు. గుంత వచ్చినప్పుడల్లా "బావా" అనేది, అంతే. నేను వేగం పెంచితే వెనక పెట్టె ఊగేది. కాలు తీసేసేవాణ్ణి. మళ్ళీ పెంచేవాణ్ణి. అద్దంలో చూస్తే గుర్రం చెవులు వెనక్కి పెట్టి ఉంది. సీటు కిందికి చూస్తే రక్తం కనిపించింది.

కాబిన్ పైకప్పు మీద గుద్దులు పడ్డాయి. మావ వెనక అద్దంలోంచి కూతురి కేసే చూస్తున్నాడు.

"ఆపరా. ఒరే, ఆపు."

అక్కడ రోడ్డు పక్కన ఒక మలాయి రైతు కొబ్బరితోట, వెనక అడవి, కాస్త గట్టి నేల. బండి పక్కకి తీసి ఆపాను. మావ అప్పటికే దూకేశాడు.

"పెట్టె ఇప్పీ. గుర్రాన్ని నాను పట్టుకుంటాను. నువ్వు దీన్ని తీసుకొని ఎలిపో."

"దొర ఒప్పుకోడు మావా."

"దొర కూతురు కాదురా అది. నా కూతురు. ఇప్పీ."

గుర్రం లోపలుండగా పెట్టె ఇప్పితే, అది ఒక్క అడుగు వెనక్కి వేసినా ముక్కు లేచి పెట్టె తిరగబడుతుంది. అంత కంగారులోనూ ముందు దాన్ని దించాం. మావ వాలుబల్ల మీద వెనక్కి వెనక్కి నడిపిస్తూ, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే దానితో మాట్లాడాడు. కొబ్బరి చెట్టుకి కట్టాడు. నేను చక్రాల కింద కొబ్బరి దుంగలు దోపి, గొలుసులు తీసి, కొక్కెం లేపాను. కానిస్టేబుల్ తుపాకీ కింద పెట్టి, తనే ముక్కు పట్టి పక్కకి నెట్టాడు.

"మీరుండండి," అని మావకి తోడుగా ఉండమని ఆయన్ని మలాయిలో అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తుపాకీ ఎప్పుడూ బండితోనే ఉండాలని పైవాళ్ళ ఆర్డరు. నా ఇంటిదాని కేసి ఒకసారి చూసి, "చప్పట్ లా, చప్పట్," అన్నాడు. తొందరగా పోనీ అని. నేను గేరు వేశాను.

మావ గుర్రం పక్కన నిలబడి, తలగుడ్డ తీసి దాని కళ్ళ మీద ఈగలు తోలుతూ ఉన్నాడు. అద్దంలో ఆయన్ని అలా చూశాను.

తరవాత ఎలా నడిపానో చెప్పలేను. నేర్చుకున్నవన్నీ మర్చిపోయి నడిపాను. క్లాంగ్‌లో నర్సులు దాన్ని బల్ల మీద వేసి లోపలికి తోసుకెళ్ళారు. ఎండ వాలేవేళకి ఒక నర్సమ్మ బయటికొచ్చి, ఆడపిల్ల, ఇద్దరూ బతికారు, ఇంకో కాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కారు, అంది. తమిళంలో చెప్పింది. నేను తెలుగులోనే దణ్ణం తల్లీ అని పరిగెత్తాను. మావకి చెప్పాలి.

ఇంకా వెలుతురుండగానే కొబ్బరితోటకి చేరాను. పెట్టె ఉంది. మావ లేడు, గుర్రం లేదు. తోట యజమాని ఇంట్లోంచి భయంభయంగా వచ్చాడు. మధ్యాహ్నం సోల్జర్ల లారీ వచ్చిందట. అడవి అంచున, రోడ్డు పక్కన, మనిషి ఒక్కడు, పెట్టెలో ఉలవల బస్తా, తవుడు, బెల్లం. ఎవరి కోసం అని అడిగారట. గుర్రం కోసం అన్నాడట. పర్మిట్ ఏదన్నారట. దారిలో మేతకిచ్చిన పర్మిట్ మీద పికప్ నంబరుంది. బండితో పాటు కదిలే తిండికే అది చెల్లుతుంది. బండి లేని చోట ఆ బస్తా ఎవరిదీ కాదు, అడవిలోవాళ్ళకి పెట్టిందే అయింది. మావనీ గుర్రాన్నీ పోలీసు స్టేషన్‌కి పట్టుకుపోయారట.

"నేను చెప్పాను, ఆయన కూతురికి కాన్పు అని," అన్నాడు తోట యజమాని. "నా మాట ఎవరు వింటారు."

నేను స్టేషన్‌కి వెళ్ళేసరికి, కబురందుకుని వచ్చిన దొర అక్కడే ఉన్నాడు. గుర్రాన్ని వాకిట్లో చెట్టుకి కట్టారు. దాని ముంగాలు కాస్త గీరుకుపోయింది. దొర మోకాళ్ళ మీద కూర్చుని ఆ గాయం చూస్తున్నాడు.

"ఇద్దరూ బతికారు దొరా," అన్నాను.

"మంచిది," అన్నాడు తల ఎత్తకుండానే. తరవాత లేచి, "నేనేం చెప్పాను నీకు? నెమ్మదిగా వెళ్ళమన్నాను. పెట్టె ఇప్పమన్నానా?"

"మావ తప్పేం లేదు. బయటికి తీసుకురండి. మీరొక్క మాట చెప్తే చాలు."

ఆయన లోపలికి వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఇనస్పెక్టర్‌తో ఇంగ్లీషులో చెప్పాడు, నాకర్థమయ్యేంత నెమ్మదిగానే. గుర్రం నాది. ఉలవలు నావి. ఈ మనిషి నా దగ్గర పనిచేస్తాడు. రోడ్డు మీద ఆగమని నేను చెప్పలేదు, నా ఆజ్ఞ లేకుండా ఆగాడు. ఎందుకు ఆగాడో మీరే విచారించుకోండి.

అందులో ఒక్క అబద్ధం లేదు. ఆ నిజమే మావని లోపల వేసింది.

కటకటాల వెనకనుంచి మావ నన్ను అడిగింది ఒక్కటే. "ఏటి పుట్టింది?"

"ఆడపిల్ల."

"పాలు పడ్డాయా దానికి?"

తెలీదన్నాను. అంతకంటే మాట్లాడనివ్వలేదు. కానిస్టేబుల్ తన వంతు నిజం చెప్పాడు, రాసుకున్నారు, తరవాత ఆయన్ని ఇంకో చోటికి మార్చేశారు. మావని విచారణ లేకుండా డిటెన్షన్ క్యాంపుకి పంపారు. ఆ రోజుల్లో విచారణ అక్కర్లేదు. అనుమానం చాలు.

మావ తిరిగొచ్చేసరికి మనవరాలు పాకుతోంది. ఆయన్ని చూసి జడుసుకుని తల్లి దగ్గరికి పోయింది. ఒళ్ళు సగమైంది. క్యాంపు సంగతి ఎప్పుడూ చెప్పలేదు. గుర్రం దగ్గరికి వేరే మనిషిని పెట్టారు. మావకి గడ్డి కోసే పని ఇచ్చారు. నా దగ్గర పికప్ తీసేసుకుని నన్ను రబ్బరు పాల డబ్బాల మోతకి పంపారు. కొత్త డ్రైవరు ఒకసారి వంతెన మీద పెట్టె వంకర తిప్పి రెయిలింగుకి గుద్దాడు. గుర్రానికేం కాలేదు. ఆ తరవాత దొర దాన్ని ఆటలకి పంపడం మానేశాడు.

దేశానికి మెర్దేకా, అంటే స్వాతంత్ర్యం, వస్తోందని అందరికీ తెలిసిపోయాక దొర సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. గుర్రాన్ని కౌలాలంపూర్‌లో ఇంకో దొరకిచ్చేశాడు. నన్ను బంగళాకి పిలిపించాడు.

"నువ్వే తీసుకెళ్ళాలి," అన్నాడు. "ఇంకెవరి చేతికీ ఇవ్వలేను. నీ అంత జాగ్రత్తగా ఎవడూ నడపలేడు."

రేపు చెప్తానని ఇంటికొచ్చేశాను. నా ఇంటిది విని, "ఎల్లకు బావా. ఆడి గుర్రాన్ని ఆడే మోసుకోమను," అంది. పిల్లకి అన్నం పెడుతూ, నా వైపు చూడకుండానే అంది.

అరుగు మీద కూర్చున్న మావ అక్కణ్ణుంచే అన్నాడు. "గుర్రం ఏటి సేసిందే? అది నోరు లేనిది. ఆడెవడో తీసుకెల్లి కాలువలో పడేస్తే?" చేతిలో గడ్డికొడవలి పక్కన పెట్టి, "నాను ఎక్కిస్తాను. నువ్వు తీసుకెల్లి దింపిరా," అన్నాడు.

మర్నాడు ఆయనే దాన్ని పెట్టె ఎక్కించాడు. అన్ని రోజుల తరవాత కూడా అది ఆయన్ని గుర్తుపట్టి, తలతో ఆయన గుండె మీద తోసింది. ఆయన దాని నుదురు నిమిరి, తాడు కట్టి, దిగాడు. దొర అక్కడే ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కౌలాలంపూర్‌లో కొత్త యజమాని ముందు దొర నా వీపు తట్టి, మలాయాలో ఇలాంటి డ్రైవరు ఇంకొకడు లేడన్నాడు. నాతో చెయ్యి కలిపాడు. అది ఆయన నాకిచ్చిన మొదటి మర్యాద. నేనా చేతిని పట్టుకున్నాను, ఏం చెయ్యను. తిరుగు దారిలో, బరువు లేని పెట్టె ప్రతి గుంతకీ ఎగిరెగిరి పడుతూ ఉంటే, యాక్సిలేటర్ మీంచి కాలు తియ్యకుండా ఎస్టేటు దాకా నడిపాను.

మెర్దేకా రోజున ఎస్టేటు మైదానంలో కొత్త జెండా ఎగరేశారు. కిరాణి, అంటే ఎస్టేటు గుమాస్తా, పిల్లలకి బన్నులూ పాలూ పంచాడు. కొత్త దొర కూడా తెల్లవాడే. కొన్నాళ్ళకి ఎస్టేటుని ముక్కలు చేసి అమ్మేశారు, మమ్మల్ని పొమ్మన్నారు. బంటింగ్‌లో ఒక గది తీసుకున్నాం. క్లాంగ్ బస్సు నడిపే పని నాకు దొరికింది. మనుషుల్ని ఎక్కించుకుని నడిపేటప్పుడు మలుపు రాకముందే బ్రేకు వేసేవాణ్ణి. ముసలమ్మలు నా బస్సు కోసమే కాసుకుని ఉండేవారు.

పౌరసత్వానికి అర్జీలు పెట్టుకోమన్నప్పుడు నేనూ మావా కలిసే వెళ్ళాం. నాదయిపోయింది. మావ వంతు వచ్చింది. ఆయనకి మలాయి వచ్చు, బాగానే జవాబులు చెప్పాడు. చివర్లో ఆఫీసరు అడిగాడు. ఎమర్జెన్సీలో ఎప్పుడైనా నిర్బంధంలో ఉన్నావా?

ఉన్నానన్నాడు.

ఎందుకు?

"గుర్రం మేత దగ్గర," అన్నాడు మావ. ఆఫీసరు నవ్వాడు, ఎగతాళి అనుకున్నాడేమో. కాగితం మీద ఏదో రాశాడు. అర్జీ తోసిపుచ్చారు. మళ్ళీ పెట్టాం. మళ్ళీ అంతే. చంకబిడ్డగా వచ్చి, ఇంకో నేల ఎరగని మనిషికి, పరాయివాళ్ళకిచ్చే ఎర్ర కార్డే మిగిలింది.

మనవరాలు బళ్ళో చేరాక ఒకరోజు అడిగింది, తెలుగు మాట చివర మలాయి 'లా' తగిలించి. "తాతా, నాన్నకి, అమ్మకి నీలం కార్డు. నీకెందుకు ఎరుపు లా?"

"నాకు ఎరుపంటే ఇష్టం," అన్నాడు.

అది నమ్మింది. వాళ్ళమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మావ బంటింగ్ ఆసుపత్రిలో, ఎర్ర కార్డుతోనే పోయాడు. కార్డు ఆఫీసుకి తిరిగిచ్చెయ్యాలన్నారు. బస్సు డ్యూటీ అయ్యాక వెళ్ళి, కిటికీలోంచి లోపలికి తోసి వచ్చాను.